సరి తేదీలు మరిడమ్మవి

జులై 22, మంగళవారం

ఇది రెండో పుస్తకం. మొదటిది ఆసుపత్రి వాళ్ళది. నీలం అట్ట, లోపల గళ్ళు. తేదీ, మాత్ర వేసుకున్న టైము, సంతకం, అంతే రాయాలి. నేను మొదటి వారంలోనే గళ్ళు దాటి పక్క పేజీలోకి పోయి, శివరాత్రికి పట్టిసీమ లాంచీలో ఎంతమందిని ఎక్కించేవాళ్ళమో కూడా రాసేశాను. ఫణిశ్రీ అది చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"భీమరాజు గారూ, చాలా బావుందండి. కానీ నా కంప్యూటర్లో దీనికి గడి లేదండి. మీరు ఇంకో పుస్తకం కొనుక్కుని అందులో రాసుకోండి."

కొనుక్కున్నాను. ఇందులో గళ్ళూ లేవు, అడిగేవాళ్ళూ లేరు.

ఆ అమ్మాయిది అమలాపురం పక్క పల్లె. రక్తం మీద పరిశోధన చేస్తోంది. నాలాంటివాళ్ళు ఇరవైమంది కావాలట. అంటే ఎముకల గుజ్జులో తెల్లకణాలు అదుపు తప్పి పుట్టే జబ్బువాళ్ళు. అసలు పేరు పలికితే ఉన్న పళ్ళు ఊడతాయి, పొట్టిగా సీఎంఎల్ అంటారు. రక్త క్యాన్సరే, కాకపోతే నెమ్మదిగా నడిచేది. ఆరేళ్ళ కిందట ఆ మాట విని మా అమ్మాయి పావని అన్నం ముట్టలేదు. డాక్టరు శివరామకృష్ణ గారు మాత్రం "రోజుకో మాత్ర, జీవితాంతం. మానకుండా ఉంటే మీరు ముసలితనంతో పోతారు గానీ దీనితో పోరు" అన్నారు. మానలేదు. ఉదయం టిఫిను తిని, పెద్ద గ్లాసుడు నీళ్ళతో. కళ్ళ కింద వాపు, పిక్కలు పట్టేయడం మాత్రతో పాటు వచ్చిన చుట్టాలు. వెళ్ళమన్నా వెళ్ళరు.

ఈ రోజు మళ్ళీ మూడు నెలలకి సరిపడా మాత్రలు ఇచ్చారు.

నా రక్తంలో ఏం వెతుకుతున్నావమ్మా అని ఫణిశ్రీని అడిగాను. మీరేం ఉద్యోగం చేసేవారండి అని ఎదురు అడిగింది. లాంచీ సరంగునని చెప్పాను. రాజమండ్రి నుంచి పట్టిసీమ, పోలవరం దాకా ముప్పై ఏళ్ళు చుక్కాని పట్టానని చెప్పాను.

"అయితే మీకు తేలిగ్గా చెప్పొచ్చండి. ఒక్కో కణం ఒక్కో రేవు అనుకోండి. ఒక రేవు నుంచి ఇంకో రేవుకి బుల్లి బుల్లి సంచులు వెళ్తుంటాయి. మామూలు మైక్రోస్కోపుకి కూడా ఆనవు. వాటినే వెసికిల్స్ అంటాం. వాటిలో కబుర్లుంటాయండి. జబ్బు కణం పక్కనున్న మంచి కణానికి ఒక సంచి పంపిస్తుంది, మాకు కాస్త చోటివ్వండి, మమ్మల్ని చూసుకోండి అని. ఆ మంచిది నమ్మేస్తుంది. నేను ఆ సంచుల్ని పట్టి విప్పి చూస్తున్నాను. జబ్బు మళ్ళీ కదిలితే మామూలు టెస్టు కంటే ముందు వీటిలో తెలుస్తుందేమోనని."

"తెలుస్తుందా?"

"అదే ఇంకా తెలీదండి. తెలిస్తే నాకు పీహెచ్‌డీ వస్తుంది."

నాకు భలే నచ్చింది. గోదావరి మీద మా లాంచీలు ఆగిపోయాయి గానీ నా ఒంట్లో తిరుగుతూనే ఉన్నాయన్నమాట. మా లాంచీలోనూ తపాలా సంచి ఉండేది. దానికంటే నోటి కబుర్లు ఎక్కువ. ఫలానావాళ్ళ కోడలికి నొప్పులొస్తున్నాయి, పై రేవులో వాళ్ళమ్మకి చెప్పు. ఫలానావాడు గేదెని అమ్ముతాడట, ఎవరికైనా కావాలేమో అడుగు. ఆ ఒడ్డు సంసారాలన్నీ నా నోటి మీదుగానే నడిచేవి.

అసలు సంగతి రాయనేలేదు. ఆసుపత్రి బెంచీ మీద నా పక్కన ఫణిశ్రీ వాళ్ళిచ్చిన పంతొమ్మిదో నంబరు కార్డు పట్టుకుని మరిడమ్మ కూర్చుని ఉంది.

జులై 23

నేను గుర్తుపట్టలేదు. ఆమే పట్టింది.

"సరంగు గారు కదండీ? ఆయ్, అదే గొంతు."

ముప్పై ఏడేళ్ళయింది. అప్పట్లో పొద్దుటి ట్రిప్పుకి లంక రేవులో ఎక్కేది. నెత్తిన చేపల తట్ట, దాని మీద తడి గోనె. రాజమండ్రిలో అమ్ముకుని సాయంత్రం లాంచీకి ఖాళీ తట్టతో తిరిగొచ్చేది. అందరూ ఎక్కేశాక కూడా ఆమె గట్టు దిగి రాకపోతే నేను ఒక కూత ఎక్కువ వేసేవాణ్ణి. టిక్కెట్లు కోసే ఆరోన్ "ఈ కూత ఎవరి ఖాతాలో రాయమంటారండి?" అని ఏడిపించేవాడు. తట్ట వాసనకి ప్రయాణికులు ముక్కు మూసుకునేవారు. నాకు ఈ రోజుకీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే తల దానంతటదే అటు తిరుగుతుంది.

రెండేళ్ళపాటు అలా చూశాను. ఒక్క మాట అడగలేదు. మా కులమే, మా రేవు మనుషులే, అడ్డనేది లేదు. ఈ వారం అడుగుదాం, వచ్చే వారం అడుగుదాం అనుకుంటుండగానే వాళ్ళ నాన్న ఆమెని అంతర్వేది వైపు ఇచ్చేశాడు. తర్వాత నేను నాగదుర్గని చేసుకున్నాను. నాగదుర్గ బంగారం లాంటి మనిషి. ఆమె పోయి తొమ్మిదేళ్ళు. ఆమె మీద నాకు ఒక్క ఫిర్యాదు లేదు. ఇది వేరే సంగతి.

మరిడమ్మ మొగుడు పోయాక పుట్టింటి లంకకే వచ్చేసిందట. పిల్లల్లేరు. అన్న కట్టిచ్చిన గదిలో ఒక్కతే ఉంటోంది. ఇంకా చేపలు అమ్ముతోంది. జబ్బు బయటపడి రెండేళ్ళు.

"మీకూ ఇదే రోగమా అండీ? పోన్లెండి, తోడు దొరికారు" అంది. రోగానికి తోడేమిటో! ఇంటికొచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

జులై 31

వేసుకున్నాను. పిక్కలు పట్టేశాయి.

ఆగస్టు 5

మరిడమ్మ ఫోను చేసింది. నీళ్ళు ఎర్రబడ్డాయట, పులస ఎదురెక్కుతోందట. నిజమేనా అని ఏ పనీ లేకుండా రేవు దాకా వెళ్ళి చూసి వచ్చాను. నిజమే, ఎర్రగా ఉన్నాయి.

ఆగస్టు 14

ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక. లంకలు మునిగాయి. ఫోను కలవడం లేదు.

ఆగస్టు 15

కలవడం లేదు.

ఆగస్టు 16, శనివారం

కోటిలింగాల రేవులో దిగింది. వరద పడవలో తీసుకొచ్చారు. చేతిలో చిన్న మూట.

"ఇల్లుందా?" అన్నాను.

"గోడలున్నాయండి."

"మాత్రలు?"

"డబ్బా చూరులో పెట్టానండి. ఆ చూరే లేదు."

మంగళవారం ఆసుపత్రికి వెళ్ళి అడుగుదాం పద అన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టేసుకుంది. "అమ్మో, వద్దండి. మొన్న చలికాలంలో పన్నెండు రోజులు మానేశానని డాక్టరు గారు గట్టిగా కేకలేశారండి. మళ్ళీ ఇలా చేస్తే మా బాధ్యత కాదన్నారు. ఇప్పుడు మూడు నెలలవీ పారేసుకున్నానంటే పేరు కొట్టేస్తారు. కొట్టేస్తే నా గతేంటండి? మీరు కూడా చెప్పకండి. నా మీద ఒట్టు."

చెప్పనని మాటిచ్చాను.

ఇంటికొచ్చి చూసుకున్నాను. అరవై ఆరు మాత్రలున్నాయి. ముప్పై మూడు విడదీసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, సాయంత్రం వరద బాధితుల్ని ఉంచిన బడికి పట్టుకెళ్ళి ఆమెకి ఇచ్చాను.

ఆగస్టు 17

మా రేవులో ఒక కట్టుబాటు ఉండేది. వరదకి ఎవడి వల అయినా కొట్టుకుపోతే, పక్క పడవవాడు తన వేటలో పడినదాంట్లో సగం ఇవ్వాలి, అతను కొత్త వల అల్లుకునే వరకూ. ఇంకో షరతుంది. ఇచ్చినవాడు ఎక్కడా నోరు విప్పకూడదు. విప్పితే అది వాటా కాదు, దానం అయిపోతుంది. దానం తిన్నవాడు మళ్ళీ ఆ రేవులో తలెత్తుకోలేడు.

ఒక ఏడాది త్రిమూర్తులు మావయ్య వల పోయింది. మూడు నెలలు మా ఇంట్లో పులుసు పలచబడింది. నాన్న మా అమ్మకి కూడా చెప్పలేదు. చేతకానివాడికిచ్చి కట్టబెట్టారని అమ్మ రోజూ సాధించేది, ఆయన వింటూ అన్నం కలుపుకునేవాడు. మావయ్య పోయిన రోజు ఆయన కొడుకు ఏడుస్తూ చెబితే తెలిసింది మాకు.

కాబట్టి ఇందులో తప్పేమీ లేదు. బేసి తేదీలు నావి, సరి తేదీలు మరిడమ్మవి. ఆరేళ్ళు పూర్తిగా మింగాను. టెస్టులో సున్నా తర్వాత సున్నాలే వస్తున్నాయి. జబ్బనేది ఉంటే కదా. నాకు సగం చాలు. ఆమెకి అసలు లేకపోవడం కంటే సగం నయం. అక్టోబరు ఇరవై ఒకటిన ఎలాగూ మళ్ళీ ఇస్తారు.

ఈ రోజు బేసి. వేసుకున్నాను.

ఆగస్టు 18

ఆమె రోజు. పావని బడికి పాఠాలు చెప్పడానికి వెళ్తూ, గుమ్మంలో నుంచే "నాన్నా, వేసుకున్నావా?" అంది. ఊఁ అన్నాను. నీలం పుస్తకంలో ఎనిమిదింబావు అని రాసి సంతకం పెట్టాను. సంతకం కాస్త వంకరపోయింది.

ఆగస్టు 19

వేసుకున్నాను.

ఆగస్టు 20

ఆమె రోజు.

ఆగస్టు 31

ఈ రోజు బేసి. రేపు ఒకటి, అదీ బేసే. వరసగా రెండు రోజులూ నాకేనా? ఇదేం న్యాయం. క్యాలెండరు చేసినవాడికి బొత్తిగా మొహమాటం లేదు. ఈ రోజుది తినకుండా మడిచి ఉంచాను, ఆమెకివ్వాలి.

సెప్టెంబరు 6

పిక్కలు పట్టడం మానేశాయి. కళ్ళ కింద వాపు లేదు. "నాన్నా, మొహం తేటపడిందే" అంది పావని. మాత్ర తగ్గితేనే ఆరోగ్యం బాగున్నట్టుంది. ఈ డాక్టర్లు ఎప్పుడూ ఒక చెంచా ఎక్కువే పోస్తారు.

సెప్టెంబరు 9, మంగళవారం

పరిశోధన వాళ్ళకి నెల రక్తం ఇచ్చే రోజు. నేనూ మరిడమ్మా ముక్కూ మొహం తెలియనట్టు చెరో బెంచీ మీద కూర్చున్నాం. ఫణిశ్రీ ఇద్దరి మాత్రల షీట్లూ ఫొటో తీసుకుంది. బయటికొచ్చాక ముప్పై ఒకటో తేదీ మాత్ర ఇచ్చాను. కొంగున ముడేసుకుంది.

"ఈ వయసులో మనకీ దొంగచాటు ఏంటండీ సరంగు గారూ?"

ఆమెకి నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. బస్టాండు దాకా నడిచాం. మా లాంచీ రేకులకి ఏ రంగు వేసేవారో తనకి గుర్తుందట. నాకు గుర్తు లేదు. పచ్చ అంది. పచ్చే అయ్యుంటుంది.

నాకు సంతోషంగా ఉంది. రాసుకోవడానికి సిగ్గెందుకు.

సెప్టెంబరు 10

ఆమె రోజు. సరి తేదీ వస్తే ఎనిమిదింబావుకి, ఇప్పుడు మరిడమ్మ గ్లాసెత్తి ఉంటుంది అనుకుంటాను. బేసి తేదీల్లో ఆమె నా గురించి అనుకుంటుందా? అడగాలి.

అడగను.

సెప్టెంబరు 27

మెట్లెక్కితే ఆయాసం. ఎండ దంచేస్తోంది, అందుకే.

సెప్టెంబరు 28

ఆమె రోజు. ఎండే.

అక్టోబరు 7, మంగళవారం

నెమ్మదిగా రాస్తాను.

రక్తం తీశాక ఫణిశ్రీ నన్ను తన గదిలోకి తీసుకెళ్ళింది. కళ్ళు మెరిసిపోతున్నాయి. లాప్‌టాప్‌లో గీతలు చూపించింది. పేర్లుండవు, నంబర్లే. ఇరవై గీతల్లో పద్దెనిమిది నేలబారున పడుకుని ఉన్నాయి. రెండు లేచాయి. పదకొండు, పంతొమ్మిది. పదకొండు నేను. పంతొమ్మిది ఎవరో నాకు తెలుసు.

"మీరేం కంగారు పడకండి. మామూలు టెస్టులో ఇంకా పెద్ద తేడా లేదండి. కానీ సంచుల్లో జబ్బు కబురు పెరుగుతోంది. ఇద్దరికీ ఒకే నెలలో, ఒకేలా. మీరు మాత్ర రోజూ వేసుకుంటున్నారు, సంతకాలున్నాయి. ఆవిడా అంతే. మరి ఎందుకు లేచింది? ఆలోచించీ ఆలోచించీ మీ షీట్ల ఫొటోలు చూశానండి. ఇద్దరి బ్యాచ్ నంబరూ ఒకటే! నా స్టడీలో ఇంకెవరికీ ఆ బ్యాచ్ రాలేదు."

ఒకటే ఎందుకు కాదు? ఒకే అట్టపెట్టెలోవి.

"అంటే మందులోనే లోపం ఉందండి. ఆ బ్యాచ్ బయట ఇంకో తొమ్మిదిమందికి ఇచ్చారు. శుక్రవారం డాక్టరు గారు ఊర్నుంచి రాగానే చూపించి, వాళ్ళందరికీ ఆ మాత్రలు ఆపించేస్తాను. కొత్తవి రావడానికి పదిహేను ఇరవై రోజులు పట్టొచ్చు. అయినా తప్పదు కదండీ."

నేను నోరు తెరిచాను. ఆమె నా చెయ్యి తట్టి, "మీ వల్లే బయటపడిందండి, థాంక్స్" అంది. మూసేశాను.

అక్టోబరు 8

లంకకి వెళ్ళాను. మరిడమ్మ కొత్త తాటాకుల చూరు కింద చేపలు ఎండబెడుతోంది. జరిగింది చెప్పాను. శుక్రవారం లోపు నిజం చెప్పేద్దాం, ఇద్దరం కలిసి వెళ్దాం అన్నాను.

"మాటిచ్చారండి మీరు."

"తొమ్మిదిమంది మందు ఆగిపోతుంది మరిడమ్మా. మనిద్దరికీ కూడా జబ్బు లేస్తోంది."

"ఆ తొమ్మిదిమందికీ అడిగేవాళ్ళుంటారండి. నన్నెవరు అడుగుతారు? నా పేరు కొట్టేస్తే నేను చచ్చిపోతానండి. ఇంకో పదమూడు రోజులు ఓపిక పడితే కొత్తవి ఇచ్చేస్తారు కదా."

ఆమె చేప తిరగేసి, నా మొహం చూడకుండా అంది.

"మీరెప్పుడూ ఇంతేనండి. చెప్పాల్సినప్పుడు చెప్పలేదు. ఇప్పుడు చెప్పకూడనిది చెబుతానంటున్నారు."

ఆమెకి తెలుసన్నమాట. ముప్పై ఏడేళ్ళుగా తెలుసు.

అక్టోబరు 9

బేసి. వేసుకోలేదు. ఎవరిదో తిన్నట్టుంటుంది.

మధ్యాహ్నమంతా రేవులో కూర్చున్నాను. మరిడమ్మ పెళ్ళి నాటి సంగతి ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. పెళ్ళివారిని లంక నుంచి రాజమండ్రి దింపడానికి నా లాంచీయే మాట్లాడారు. చుక్కాని నేనే పట్టాను. పసుపు బట్టల్లో ఆమె ముందు బల్ల మీద తల వంచుకుని కూర్చుంది. గంటన్నర ప్రయాణం. మేళం వాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. రేవు చేరేలోగా ఒక్కసారి లాంచీ ఆపి ఆమె నాన్నని పక్కకి పిలిచి ఉంటే ఏమయ్యేదో. ఏమీ అయ్యేది కాదేమో. నేను మాత్రం ఎక్కడా తగలకుండా, ఒడుపుగా, ఎప్పటికంటే మెత్తగా ఆనించాను రేవుకి. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు భేష్ సరంగూ అన్నారు.

నోరు విప్పకపోవడం గొప్ప అనుకుంటూ ఇంత వయసు తెచ్చుకున్నాను. నాన్న సంగతి వేరు. ఆయన పంచింది చేప. సగం చేప తింటే సగం ఆకలి తీరుతుంది. ఈ మందు అలాంటిది కాదని నాకు సెప్టెంబరులోనే అనుమానం వచ్చింది. ఎండ అని రాసుకున్నాను.

అక్టోబరు 10, శుక్రవారం

చెప్పేశాను.

డాక్టరు గారి కంటే ముందు ఫణిశ్రీకి చెప్పాను. నీలం పుస్తకం తెరిచి నా ముందు పెట్టింది.

"వీటిలో ఏవి నిజమండీ?"

"బేసివి. పంతొమ్మిదో నంబరు పుస్తకంలో సరివి. ఆమె వేలిముద్ర వేస్తుంది."

చాలాసేపు పేజీలు తిప్పింది. తిట్టినా బాగుండేది. చివరికి చున్నీతో కళ్ళు తుడుచుకుని, "మీరిద్దరూ నాకు అబద్ధం రాశారండి. మీ ఒంట్లో సంచులు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాయి. నేనే మందు మీద నింద వేయబోయాను" అంది. "మీ ఇద్దరినీ లెక్కలోంచి తీసేయాలండి. పద్దెనిమిదిమందే మిగిలారు."

శివరామకృష్ణ గారు కుర్చీలోంచి లేచిపోయారు. "అరవై రెండేళ్ళొచ్చాయి మీకు! అన్నం పంచుకుంటారు, ఆవకాయ పంచుకుంటారు, ఇదేం పంచుకోవడమండీ? సగం మందు పడితే జబ్బు చావదు, రాటుదేలుతుంది." కాసేపటికి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేను పేరు కొట్టేస్తానని ఎవరన్నారావిడతో? కేకలేస్తే మానకుండా ఉంటారనుకున్నాను. మంగళవారం రమ్మనండి. నేనేమీ అననని చెప్పండి."

ఆయన గొంతు తగ్గడం నేను చూడటం అదే మొదలు.

పావనికి కూడా చెప్పాను. అది రోజంతా నాతో మాట్లాడలేదు. రేపటి నుంచి తన ఎదురుగానే మింగాలట.

అక్టోబరు 14, మంగళవారం

పది నిమిషాలు పట్టింది. ఒక కాగితం, దాని మీద వేలిముద్ర, లోపలి నుంచి కొత్త షీట్లు. రెండు నెలల భయానికి పది నిమిషాలు. మామూలు టెస్టుకి ఇద్దరి రక్తమూ తీశారు.

మరిడమ్మ నన్ను చూడలేదు. పోతూ పోతూ, మిగిలిన నా మాత్రల మూట బెంచీ మీద నా పక్కన పెట్టింది. "మీ వాటా మీరు తీసుకోండి" అని వెళ్ళిపోయింది.

అక్టోబరు 16

వేసుకున్నాను. ఈ రోజు సరి. ఇంకా ఎవరి నోటి దగ్గరదో లాక్కున్నట్టే ఉంది.

అక్టోబరు 24

ఫోను ఎత్తలేదు.

నవంబరు 4, మంగళవారం

నా సున్నాలు పోయాయి. అంకెలు నిలబడ్డాయి. మరిడమ్మవీ పెరిగాయి. అయితే ఇది సగం మందు నాటి లెక్క, పూర్తి మందు పడ్డాక మళ్ళీ చూద్దాం అన్నారు డాక్టరు గారు. ఇంకో పరీక్షకి కూడా పంపించారు, మందుకి లొంగని రకం ఏమైనా పుట్టిందేమో అని.

పిక్కలు మళ్ళీ పట్టేస్తున్నాయి. పోయిన చుట్టాలు తిరిగొచ్చారు. ఈసారి వాళ్ళని చూస్తే సంతోషమేసింది.

నవంబరు 12

రావులపాలెం వెళ్ళే బస్సులో ఒకామె తడి గోనె కప్పిన తట్టతో ఎక్కింది. తల అటు తిరిగింది. ఎవరో.

నవంబరు 13

వేసుకున్నాను.

నవంబరు 14

వేసుకున్నాను. నాకు భయంగా ఉంది.

డిసెంబరు 2, మంగళవారం

ముందు మరిడమ్మని పిలిచారు. ఆమెకి తగ్గిందట. ఫణిశ్రీ మొహం చూస్తేనే తెలిసింది.

తర్వాత నన్ను పిలిచారు. నాకు తగ్గలేదు. మందుకి లొంగని రకం ఒకటి తల ఎత్తిందన్నారు. సగం మాత్రల రోజుల్లోనే అయ్యుండొచ్చు, ముందు నుంచీ ఏ మూలో దాక్కుని ఉండొచ్చు, కచ్చితంగా చెప్పలేం అన్నారు. నా మీద జాలిపడి రెండో మాట అన్నారేమో. మందు మారుస్తారు. రెండో మందు గట్టిది. చాలామందికి పనిచేస్తుంది. చాలామందికి అన్నారు, అందరికీ అనలేదు.

నిజం రాయాలి కదా. ఒక్క క్షణం, ఆమెకీ తగ్గకుండా ఉంటే బాగుండేదనిపించింది. ఒక్క క్షణమే. సిగ్గుతో చచ్చిపోయాను.

బయట బెంచీ మీద కూర్చున్నాను. మరిడమ్మ ఇంకా వెళ్ళలేదు. ఆ చివర కూర్చుంది. ఏడు వారాలుగా ఒక్క మాట లేదు. ఫణిశ్రీ కొత్త ఫారం పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది.

"రెండో మందు మొదలుపెట్టిన కొత్తలో ఆయాసం గానీ నీరు పట్టడం గానీ రావచ్చండి. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ప్రతి మంగళవారం మీతో రావాలి. ఎవరి పేరు రాయను? మీ అమ్మాయి గారిదేనా?"

పావనికి మంగళవారాలు బడి. సెలవు పెట్టుకోమని ఎలా అడగను అని ఆలోచిస్తున్నాను.

"నా పేరు రాయండమ్మా" అంది మరిడమ్మ. నా వైపు చూడలేదు, ఫణిశ్రీతోనే అంది. "నాకెలాగూ ఇక్కడికి దారి తెలుసు. ఈయనకి దగ్గరుండి నేను మింగిస్తాను. ఈయన సంతకాలు నమ్మకండి."

ఫణిశ్రీ పేరు రాసుకుంది. పెన్ను ఆగింది.

"పక్కన ఒక గడి ఉందండి. మీరు ఈయనకి ఏమవుతారు?"

"అది ఆయన్నే అడగండి. ఆయ్, నన్నడిగితే నేనేం చెబుతాను? ఆయన చెప్పాల్సిన మాట."

ఇద్దరూ నా వైపు తిరిగారు. వరండాలో జనం అటూ ఇటూ నడుస్తున్నారు. వచ్చే వారం చెబుతానంటే ఫణిశ్రీ ఆ గడి ఖాళీగా వదిలేసేది, మంచి పిల్ల.

చెప్పాను. గట్టిగానే చెప్పినట్టున్నాను, పక్క బెంచీ వాళ్ళు కూడా చూశారు. ఫణిశ్రీ తల వంచుకుని రాసింది.

మరిడమ్మకి చదువు రాదు. కాగితం మీదికి వంగి అడిగింది.

"ఏం రాశారమ్మా?"

"సొంత మనిషి అని రాశానండి."

మరిడమ్మ ఇంకాసేపు ఆ గడినే చూసింది. తర్వాత కొంగుతో వేలు తుడుచుకుని, "ముద్ర ఎక్కడ వెయ్యాలి?" అంది.